ఇరవై అయిదు మిల్లీమీటర్ల ప్రసన్నత

ఆఫీసుకెళ్తే పనులు కావడం లేదని జనం గోల పెడుతున్నారని పై పెద్దల చెవిన పడింది. పడ్డాక ఊరుకుంటారా! చల్లటి కొండ ఊళ్లో ఒక హోటల్లో మూడు రోజులు కూచుని మేధోమథనం చేశారు. మూడో రోజు భోజనాల వేళకి కిటుకు దొరికింది. పనిదేముంది, ఇవాళ కాకపోతే ఎల్లుండి అవుతుంది. జనానికి అసలు బాధ కౌంటర్లో కూచున్న మనిషి ముఖం చూస్తే కలుగుతోంది. కాబట్టి ముందు బాగుచేయవలసింది ముఖాన్ని.

మొదట చిరునవ్వు పెడదామనుకున్నారట. నవ్వుతో చాలా చిక్కులొచ్చాయి. ఏడు గంటలు నవ్వితే దవడలు లాగేస్తాయి, ఉద్యోగ సంఘాలవాళ్లు దవడ అలవెన్సు అడుగుతారు. పైగా కిళ్లీ నమిలేవాడు నవ్వితే అదొక కొత్త ఫిర్యాదు. అప్పుడు సలహాదారు సంస్థ నుంచి వచ్చిన ఒకావిడ తెర మీద నాలుగు బొమ్మలు వేసి చూపించింది. కనుబొమ్మలు కిందికి వాలితే కోపమో, ఏడుపో. పైకి ఉంటే ప్రసన్నత. నవ్వయితే మనిషి రోజూ తెచ్చుకోవాలి, కనుబొమ్మను ఒకసారి పైన నిలబెట్టేస్తే సెలవురోజు కూడా అక్కడే ఉంటుంది. ఆ మాటకి హాలంతా చప్పట్లు మోగిపోయాయి.

అలా పుట్టింది ప్రసన్న వదన పౌరసేవా పథకం. నెల తిరక్కుండా అన్ని పురపాలక సంఘాలకీ ఉత్తర్వులు వచ్చేశాయి. "ప్రజలతో ముఖాముఖి వ్యవహరించు సిబ్బంది యావన్మందికీ కనుపాప మధ్యబిందువు మొదలు కనుబొమ్మ పై అంచు వరకు గల దూరము ఇరవై అయిదు మిల్లీమీటర్లకు తగ్గరాదు. తగ్గినవారు శస్త్రచికిత్స ద్వారా సదరు లోటును పూడ్చుకొనవలెను. వ్యయము ప్రభుత్వమే భరించును."

ఈ కాగితం పెదనందికోట మునిసిపల్ ఆఫీసుకి చేరేసరికి నాలుగో కౌంటర్లో యాళ్ల మంగతాయారు ఎదుట ఒక గేదెల వ్యాపారి నిలబడి ఉన్నాడు. నాలుగో కౌంటరంటే మరణ ధ్రువపత్రాల కౌంటరు. పందొమ్మిదేళ్లుగా ఆ సీటు మంగతాయారుదే. వాళ్ల నాన్న నుంచి వచ్చిన కనుబొమ్మలు ఆవిడవి. ఒత్తుగా, బరువుగా, చివర్లు కళ్ల మీదికి వాలిపోయి ఉంటాయి. ఊరికే కూచున్నా ఎవరో దగ్గరివాళ్లు పోయినట్టు ఉంటుంది ముఖం. చిన్నప్పుడు బళ్లో ఫొటో తీసినవాడు, "ఆ పాపనెవరు కొట్టారండీ?" అని అడిగాడట.

"మా నాన్న పోయాడమ్మా," అన్నాడు గేదెల వ్యాపారి.

మంగతాయారు తలెత్తి చూసింది. అంతే. ఆవిడ ముఖం చూసి అతను చలించిపోయాడు. "మీరు బాధపడకండమ్మా, పెద్దాయనేలెండి, ఎనభై దాటాయి, పెద్దగా బాధ పడకుండానే పోయాడు," అని తనే ఓదార్చాడు. కిటికీ అంచు మీద తల ఆనించి, వాళ్ల నాన్న చివరి రోజు దొండకాయ వేపుడు అడిగిన సంగతి కూడా చెప్పుకున్నాడు. నిజానికి మంగతాయారు ఆ నిమిషాన ఇంట్లో గ్యాసు బండ అయిపోయిందని తలుచుకుంటోంది. అయితే దొండకాయ వేపుడు మాట వినగానే ఆవిడకి నిజంగానే గుండె కలుక్కుమంది. ఇలా రోజుకి పది, పదిహేను మంది. పందొమ్మిదేళ్లు ఎదుటివాళ్లు ఆవిడ ముఖం చూసి చెప్పుకున్నారు, ఆవిడ విన్నది. వినగా వినగా ముఖంలో ఉన్నదంతా మనసులోకి కూడా దిగింది.

అలాంటి ముఖాన్ని కొలవడానికి సోమవారం అసిస్టెంట్ ఇంజినీరు కోదండం వచ్చాడు.

కనుబొమ్మలు కొలిచే పని ఇంజినీరుకెందుకిచ్చారూ అంటారా? ఆఫీసులో కొలతలంటే ఇంజినీరింగు సెక్షనే. రోడ్లూ కాలవలూ కొలిచి ఎం-బుక్కులో రాస్తేనే కొలత కిందికొస్తుంది. మిగతావన్నీ కబుర్ల కిందికొస్తాయి. కోదండం ఇనప స్కేలూ, ఎం-బుక్కూ పట్టుకుని ఒక్కొక్క కౌంటరుకీ వెళ్లాడు. ముందు ఎడమ గట్టు, తర్వాత కుడి గట్టు, రెంటికీ సగటు. జనన ధ్రువపత్రాల పోలినాయుడికి ఇరవై ఒకటి. భవన నిర్మాణ అనుమతుల గౌరీపతికి పందొమ్మిదిన్నర. ఏడుగురిలో పాసయింది ఆరో కౌంటరు లోకేశ్వరి ఒక్కతే. ఆ అమ్మాయి కనుబొమ్మలు పార్లర్లో సన్నగా తీయించుకుని పెన్సిలుతో దిద్దుకుంటుంది. కోదండం ఐదో కౌంటర్లో ఉండగానే బాత్రూములోకి వెళ్లి అయిదు మిల్లీమీటర్లు పైకి దిద్దుకుని వచ్చి కూచుంది.

మంగతాయారు దగ్గరికొచ్చేసరికి కోదండం స్కేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"పధ్నాలుగు," అన్నాడు దిగులుగా. "మంగక్కా, ఇది లోటు కాదు, గండి."

"ఉన్నది రాసుకో కోదండం," అంది ఆవిడ. "మా నాన్నకి పన్నెండే ఉండేవి."

మర్నాడు కౌన్సిల్ హాల్లో అవగాహన సదస్సు. కమిషనరు విశ్వపతిగారు మైకు పట్టుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు, పై నుంచి వచ్చిన కాగితమంటే మాత్రం ఆయనకి దేవుడి పటం. "ప్రియమైన సహోద్యోగులారా! కనుబొమ్మ అనునది పౌరునికీ ప్రభుత్వానికీ మధ్య గల ప్రథమ తోరణము. ఆ తోరణము కుంగిన యెడల పాలనే కుంగినట్లు. ఆదర్శప్రాయముగా మొదటి శస్త్రచికిత్సకు నేనే సిద్ధపడుతున్నాను," అన్నారు. ఆయనవి ఇరవై నాలుగు. ఒక్క మిల్లీమీటరు కోసం కత్తి కిందికి వెళ్తున్న మనిషిని చూసి కొందరికి నిజంగానే కళ్లు చెమర్చాయి.

పట్నం నుంచి పిలిపించిన ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్ మెహరున్నీసా లేచి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇది పార్లర్లో చేసే పని కాదండీ, ఆపరేషను. మత్తిస్తాం. జుట్టు లోపల చిన్న చిన్న గాట్లు పెట్టి నుదుటి చర్మాన్ని పైకి జరిపి బిగిస్తాం. కొందరికి ఇంకా పొడుగు గాటు కావాలి. వారం, పది రోజులు కళ్ల చుట్టూ వాపూ, కమిలిన రంగూ ఉంటాయి. తల ఎత్తు పెట్టుకుని పడుకోవాలి. నుదురు కొన్ని నెలలపాటు మొద్దుబారినట్టుంటుంది, దురద పెడుతుంది. గాటు దగ్గర జుట్టు ఊడొచ్చు. రెండు పక్కలూ ఒక్కలా కుదరకపోవచ్చు. కొన్నాళ్లు కన్ను పూర్తిగా మూతపడకపోవచ్చు. సిగరెట్లు ముందే మానాలి. రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి. కొందరికి బరువు కనుబొమ్మది కాదు, కనురెప్పది. వాళ్లకి ఈ ఆపరేషను పనికిరాదు. ఎంత చేసినా ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ కొంత దిగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీ ముఖంలో ఏదో మీకు బాధగా ఉండి, మీ అంతట మీరు కోరుకుంటేనే చేయించుకోవాలి."

"ప్రశ్నలుంటే అడగండి," అన్నారు కమిషనరుగారు.

పోలినాయుడు లేచాడు. "ఆ పది రోజులూ ఆన్ డ్యూటీ అవుతుందాండీ, సెలవులో కోస్తారా?" గౌరీపతి లేచి, "నుదురు దురద పెట్టి గోక్కుంటే పథకానికి నష్టం కలిగించినట్టు రాస్తారా?" అని అడిగాడు. తర్వాత కోదండం లేచాడు. అతను అడగలేదు, చెప్పాడు.

"మళ్లీ దిగుతుందన్నారు కదండీ మేడమ్‌గారు. మట్టికట్ట వేసినప్పుడు మేం అణుగుదల కింద పదో వంతు ఎక్కువ పోస్తాం. రెండు వానలు పడ్డాక లెవెలుకొచ్చి కూచుంటుంది. ఇక్కడ కూడా అలా పెట్టకపోతే రేపు తనిఖీలో పాతికకి తగ్గిపోద్ది."

కమిషనరుగారి ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే లెక్క కట్టారు. పాతికకి పదో వంతు కలిపితే ఇరవై ఏడున్నర. అరలెందుకని ఇరవై ఎనిమిది. అయిదేళ్ల మెయింటెనెన్సు వ్యవధి చూసుకుని ముప్పై. రెండు మిల్లీమీటర్లు ముందుజాగ్రత్త. మొత్తం ముప్పై రెండు.

డాక్టరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "ముప్పై రెండా! దెయ్యాన్ని చూసినట్టుంటారండీ మీరంతా! నేను చెయ్యను."

"మేడమ్‌గారి అభిప్రాయము నమోదు చేయడమైనది," అన్నారు కమిషనరుగారు, గౌరవంగా.

అప్పుడు వెనక వరసలోంచి మంగతాయారు అడిగింది. "కోరుకోకపోతే ఏమవుద్దండీ?"

"చెయ్యకూడదమ్మా," అంది డాక్టరమ్మ. "మీ ఇష్టంతో మీరు సంతకం పెట్టకపోతే ఏ డాక్టరూ కత్తి పట్టుకోడు."

మంగతాయారు ఆ మాట చీర కొంగున ముడేసుకుంది.

టెండరు పిలిచారు. పక్క జిల్లాలో ఒక ఆస్పత్రివాళ్లు ముప్పై రెండుకి ఒప్పుకున్నారు. కమిషనరుగారూ, కౌంటర్లవాళ్లు అయిదుగురూ సంతకాలు పెట్టి ఒకే వ్యానులో వెళ్లొచ్చారు. రెండు వారాలు నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరిగారు. మూడో వారం అద్దాలు తీశారు.

అబ్బో, చూడాలి ఆ ఆఫీసుని! అయిదు కౌంటర్లలో అయిదుగురూ పొద్దున్న పది నుంచి అయిదు దాకా ఆశ్చర్యపోతూనే ఉన్నారు. కనుబొమ్మలు నుదుటి మధ్యకి వెళ్లిపోయి, కింద కళ్లు గుండ్రంగా తెరుచుకుని, ఎవరేం చెప్పినా జన్మలో ఇలాంటిది వినలేదన్నట్టు చూస్తారు. పాపం, వాళ్లు మామూలుగానే చూస్తున్నారు.

మొదట ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. కుళాయిల కౌంటరుకి ఒకాయన వచ్చి, "మూడు రోజులుగా నీళ్లు రావడం లేదండీ," అన్నాడు. గుమాస్తా నిర్ఘాంతపోయి చూశాడు. ఇరవై ఏళ్లుగా అదే ఫిర్యాదు చేస్తూ, ఆవలింతలు తప్ప జవాబు ఎరగని ఆ పెద్దమనిషికి ప్రాణం లేచొచ్చింది. నీళ్లు రాకపోతే ఆఫీసు ఇంత దిగ్భ్రాంతి చెందుతుందని అతను కల్లో కూడా అనుకోలేదు. కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయాడు. నీళ్లు రాలేదనుకోండి, అది వేరే సెక్షను.

గౌరీపతి కౌంటరులో ఇంకా చిత్రం. ప్లాను కాగితాలు పట్టుకొచ్చిన ఆసామి, "రెండంతస్తులండీ," అన్నాడు. గౌరీపతి అలా చూశాడు. ఆసామికి చెమటలు పట్టాయి. "అంటే... పైన ఇంకోటి చిన్నది వేశామండి." గౌరీపతి కదల్లేదు. "మెట్ల కింద కొట్టు కూడా ఉందండీ, దేవుడి మీద ఒట్టు, ఇంకేం లేవు," అని ఆసామి బల్ల మీద పడిపోయాడు. 'పౌరులలో స్వచ్ఛంద సత్యసంధత పెంపు' అన్న శీర్షిక కింద ఇది పై ఆఫీసుకి నివేదిక వెళ్లింది.

చిక్కంతా జనన కౌంటర్లో మొదలయింది. ఒక తండ్రి వచ్చి, "మూడోది కూడా ఆడపిల్లేనండీ," అన్నాడు సంతోషంగానే. పోలినాయుడు చూసిన చూపుకి అతను చొక్కా చేతులు మడిచాడు. "ఏం, ఆడపిల్ల పుడితే అంత వింతా? మీ అమ్మ ఆడది కాదా?" అని మీద మీదికి వచ్చాడు. పోలినాయుడు, "నేనేం అన్లేదు బాబూ, నా ముఖమే ఇంత," అని దణ్ణాలు పెట్టుకుంటే, ఆ దణ్ణాలు కూడా వెటకారంలాగే కనిపించాయి. ముగ్గురొచ్చి విడదీయాల్సి వచ్చింది.

ఇవన్నీ మంగతాయారు తన కిటికీలోంచి చూస్తూనే ఉంది. నవ్వుకుంటూనే ఉంది. ఒకరోజు పంటి నొప్పికి సెలవు పెట్టి మర్నాడు వచ్చేసరికి మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది.

ముందురోజు నాలుగో కౌంటర్లో పోలినాయుడిని కూచోబెట్టారట. అప్పల్నరసమ్మ అని చేపలమ్ముకునే ఆవిడ వచ్చింది. "మా ఆయన పోయాడు బాబూ," అంది. పోలినాయుడు కళ్లు విప్పార్చి చూశాడు. ఆవిడ ఇంకోసారి చెప్పింది. అతను అలాగే చూశాడు. ఆవిడ గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. గంట తర్వాత ఎదురింటివాళ్లిద్దర్నీ, పాడె కట్టినవాణ్ణీ, గోడకున్న పటాన్ని దండతో సహా తీసుకుని వచ్చింది. "నమ్మలేదు కదా, ఇదిగో, అడగండి వీళ్లని. నా మొగుడు పోయాడని అబద్ధమాడతానా నేను?" అని కౌంటరు ముందు కూలబడి ఏడ్చింది.

సెక్షను సూపరింటెండెంటు సంబరపడిపోయాడు. "దరఖాస్తుదారులు తమంతట తామే సాక్షులను తెస్తున్నారు. పత్రాల నాణ్యత పెరిగింది," అని ఫైల్లో రాసుకున్నాడు.

మంగతాయారుకి ఒళ్లు మండింది. "సిగ్గు లేకపోతే సరి," అంది పైకే, సూపరింటెండెంటు వినేలాగే. పోలినాయుడు ఆవిడ పక్కకొచ్చి, "నాకూ ఏడుపొచ్చింది మంగక్కా, కానీ ముఖం రాలేదు," అన్నాడు. ఆవిడ వాడి భుజం మీద తట్టి తన సీట్లో కూచుంది. ఈ కిటికీలోంచి ఈ ముఖం పోతే వచ్చేవాళ్ల గతేమిటి? ఆ రోజు ఆవిడ ఖాయం చేసుకుంది. ఈ కనుబొమ్మలు కదిలేది లేదు.

ఆఫీసు మాత్రం ఊరుకుంటుందా! పథకం నూటికి నూరు శాతం పూర్తయిందని రాయడానికి ఒక్క ముఖం అడ్డం. సంతకం పెట్టమంటే, "నాకు కోరిక లేదండీ," అంటోంది. ఆస్పత్రివాళ్లేమో కోరిక లేనిదే కుదరదంటున్నారు. వారం రోజులు ఫైలు తిరిగి తిరిగి చివరికి మెమో వచ్చింది.

"శ్రీమతి యాళ్ల మంగతాయారు, సీనియర్ అసిస్టెంటు, ఈ మెమో అందిన మూడు దినములలోగా సదరు శస్త్రచికిత్సను స్వచ్ఛందముగా కోరుకొనవలసినదిగా ఆదేశించడమైనది. గడువులోగా కోరుకొనని యెడల ఆమె ప్రజాసంబంధము లేని సీటుకు, అనగా కుక్కల లైసెన్సుల విభాగమునకు బదిలీ చేయబడును."

పెదనందికోటలో కుక్కకి లైసెన్సు తీసుకున్నవాడు ఇంతవరకు లేడు.

సాయంత్రం ఇంట్లో మెమో చదివి మొగుడు సత్యానందం కళ్లజోడు తీశాడు. "నీ ముఖం చూసి ముప్పై ఏళ్లుగా కూరలో ఉప్పెక్కువైందని ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను. ఎప్పుడు చూసినా అప్పటికే బాధపడుతున్నట్టుంటావు."

"అయితే చేయించుకోమంటారా?"

"అమ్మో! ఉప్పుకి అలవాటుపడిపోయాను," అన్నాడు. తర్వాత కళ్లజోడు తుడుచుకుంటూ, "మనిద్దరం గుళ్లో ప్రసాదాల వరసలో నించున్నా సరే, ఎవరో ఒకళ్లు నీ దగ్గరికొచ్చి కష్టం చెప్పుకుంటారు. నా దగ్గరికి ఎవరూ రారు. నాకెప్పుడూ గొప్పగానే ఉంటుంది," అన్నాడు. మంగతాయారు అన్నం కలుపుకుంటూ తల వంచుకుంది.

రెండో రోజు కమిషనరుగారు పిలిపించారు. ఆవిడ లోపలికి వెళ్తే, దెయ్యమేదో వచ్చినట్టు ఉలిక్కిపడ్డ ముఖంతో, "కూచోండి మంగతాయారుగారూ," అన్నారు ఎంతో మెత్తగా. "మీరు ఒక్క పద్దెనిమిది మిల్లీమీటర్లు సహకరిస్తే మనం రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంటాం. పత్రికల్లో వేస్తారు."

"సర్, నా దగ్గరికి వచ్చేవాళ్లకి ప్రసన్నమైన ముఖం ఎందుకండీ? ఇంట్లో శవం లేచి వారం తిరగదు వాళ్లకి."

"ఉత్తర్వులో కౌంటర్ల తేడా చెప్పలేదమ్మా. పౌరుడంటే పౌరుడే. విచారంలో ఉన్న పౌరుడికి కూడా ప్రసన్నత పొందే హక్కు ఉంది." కమిషనరుగారు ఆ మాట నిజంగా నమ్మే అన్నారు. "నాక్కూడా తేలిక కాలేదు. నుదురంతా దురద. పడుకుంటే కళ్లు సగమే మూతపడుతున్నాయి. మా అమ్మయితే నన్ను చూసినప్పుడల్లా, ఏమైందిరా, ఏమైందిరా అంటుంది. అయినా ఓర్చుకున్నాను. మీరు కోరుకోడానికి ప్రయత్నం చెయ్యండి."

మూడో రోజు పొద్దున్న మంగతాయారు జవాబు రాసి ఇన్‌వర్డులో ఇచ్చింది. "ఏలినవారి మెమో ప్రకారము ఉదయము, సాయంత్రము ప్రయత్నించితిని. కోరిక కలుగలేదు. కలిగిన వెంటనే విన్నవించుకొనగలదానను." తర్వాత సీటు దగ్గరికొచ్చి సొరుగు ఖాళీ చేసుకోవడం మొదలుపెట్టింది. స్టాంపు ప్యాడూ, దేవుడి బొమ్మా, ఏడ్చేవాళ్ల కోసం దాచుకున్న చేతిరుమాళ్లు నాలుగూ. రుమాళ్లు చేతిలోకి తీసుకునేసరికి ఆవిడకి దుఃఖం ముంచుకొచ్చింది. పందొమ్మిదేళ్లు కదా మరి. అయితే బదిలీ కాగితం ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. కమిషనరుగారి తల్లిగారు ఆ మధ్యాహ్నమే పోయారని, ఆయన పదిహేను రోజులు సెలవు పెట్టారని తెలిసింది.

పదహారో రోజు పొద్దున్న పదిన్నరకి నాలుగో కౌంటరు ముందు వరసలో అయిదుగురున్నారు. మంగతాయారు కాగితాలు చూసుకుంటూ, "తర్వాత," అంది. కిటికీలో చెయ్యి కనిపించింది. తలెత్తితే విశ్వపతిగారు. గుండు చేయించుకున్న తల మీద ఆపరేషను గాట్లు గులాబీ రంగులో తేలిపోతున్నాయి. వాటి కింద ఎప్పట్లాగే బోలెడు ఆశ్చర్యంతో కనుబొమ్మలు.

ఆవిడ చప్పున లేచి నించుంది. "మీరెందుకొచ్చారండీ, ఫారం పైకి పంపేదాన్ని కదా."

"వద్దు. ఇక్కడే రాస్తాను," అన్నారాయన. ఫారం తీసుకుని, జేబులోంచి ఆకుపచ్చ సిరా పెన్ను తీశారు. మృతురాలి పేరు అన్న చోట గబగబా సంతకం పెట్టేశారు. తన సంతకమే. చూసుకుని ఆగిపోయారు. మంగతాయారు ఇంకో ఫారం ఇచ్చింది. ఈసారి పెన్ను కాగితం మీద ఆనింది కానీ కదల్లేదు. మంగతాయారు ఆయన ముఖం వంక చూడలేదు, ఆగిన ఆ పెన్నునే చూసింది.

"ఇలా ఇవ్వండి. మీరు చెప్తే నేను రాస్తాను. అమ్మగారి పేరు?"

"నాంచారమ్మ."

"వయసు?"

"డెబ్బై తొమ్మిది. శ్రావణం వస్తే ఎనభై." ఆయన గొంతు తగ్గించారు. "ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడ్డం లేదండీ. పాడె దగ్గర మా అక్క అందరి ముందూ అడిగేసింది, అమ్మ పోతే అలా వింతగా చూస్తావేంరా, నీకు బాధ లేదా అని. నాకు... అద్దంలో చూసుకుంటే నాకే అనుమానమొచ్చింది."

మంగతాయారు పెన్ను పక్కన పెట్టేలోపలే, వరసలో ఆయన వెనక నించున్న ముసలాయన ముందుకు వంగాడు. తలపాగా, మాసిన పంచె. ఆయనకి కమిషనరూ తెలీదు, కనుబొమ్మలూ తెలీవు. ఇంతసేపూ ఎదుట కనిపిస్తున్నది ఆ బోడిగుండూ, వంగిపోయిన వీపూను. ఆ వీపు మీద చెయ్యి వేసి, "నీకెవరు నాయనా?" అన్నాడు.

"మా అమ్మ," అన్నారు విశ్వపతిగారు.

అంతే. పదిహేను రోజులుగా ఎక్కడ ఆగిందో అదంతా ఒక్కసారి వచ్చేసింది. కమిషనరుగారు నాలుగో కౌంటరు గట్టు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. కనుబొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి కింద నుంచి కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. ముసలాయన వీపు నిమురుతూ, "ఏడువు నాయనా, ఏడువు," అంటున్నాడు. మంగతాయారు ఒక చేతిరుమాలు కిటికీలోంచి జరిపి, తల వంచుకుని, కళ్ల ముందే ఉన్న స్టాంపు ప్యాడు కోసం చాలాసేపు వెతికింది. వరసలో ఎవరూ తొందరపెట్టలేదు.

కాస్త తెరిపిన పడ్డాక ఆయన ముఖం తుడుచుకున్నారు. "మీ జవాబు పొద్దున్నే చూశాను," అన్నారు. చంకలోని ఫైలు కౌంటరు మీద పెట్టి, అక్కడే నిలబడి రాశారు. "ఉద్యోగిని ప్రయత్నము సంతృప్తికరము. కోరిక స్వచ్ఛందముగా కలుగునంతవరకు ఫైలు పెండింగులో ఉంచవలెను. అంతవరకు ఆమె నాలుగవ కౌంటరునందే కొనసాగును. పై కార్యాలయమునకు, పురోగతిలో ఉన్నదని వ్రాయవలెను." కింద సంతకం.

మంగతాయారు రెండుసార్లు చదువుకుంది. "గడువు వెయ్యలేదండీ."

"కోరికలకి గడువేం వేస్తామమ్మా," అన్నారాయన. ఆవిడ స్టాంపు వేసిచ్చిన ధ్రువపత్రం తీసుకుని, మడత పెట్టకుండా రెండు చేతులా పట్టుకుని, మెట్ల వైపు వెళ్లిపోయారు.

మంగతాయారు కొంగుతో కళ్లొత్తుకుని కొత్త ఫారం తీసింది. ముసలాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని కిటికీ ముందుకొచ్చాడు.

"రండి తాతా," అంది. "మీకెవరు?"